సింహాసనమెక్కిన సామంతుడు

విజయనగర గాథ – 11వ భాగం

పోయిన భాగాన్ని విరూపాక్షరాయల హత్య దగ్గర ఆపాం. ఇరవై ఏళ్లు గద్దె మీద కూర్చున్న ఆ రాజు మద్యానికీ అంతఃపురానికీ దాసుడై పాలన గాలికి వదిలేశాడు. గోవా రేవు బహమనీల పాలైంది. 1469లో భట్కళ్‌లో ముస్లిం వర్తకుల ఊచకోత జరిగింది. వాళ్లు గుర్రాలను శత్రువుకు అమ్ముతున్నారన్నది నేరం. బతికినవాళ్లు గోవాకు తరలిపోయారు, మూడేళ్లకు గోవా కూడా శత్రువుదే అయింది. తూర్పు తీరాన్ని గజపతులు కబళిస్తూ వచ్చారు. ఆఖరుకు 1485లో రాయలవారు కన్నకొడుకు కత్తికే బలయ్యారు.

ఆ తర్వాత కోటలో ఏం జరిగిందో కథలా చెప్పినవాడు ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు. 1535 ప్రాంతంలో విజయనగరంలో మకాం పెట్టి, అక్కడ విన్నదంతా రాసి స్వదేశానికి పంపాడు. అప్పటికి ఈ సంఘటనలు జరిగి యాభై ఏళ్లు. కాబట్టి లెక్కల విషయంలో ఆయన్ని నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. ఈ భాగానికి నాయకుడైన సాళువ నరసింహుడు నలభై నాలుగేళ్లు ఏలాడని రాసేశాడు. శాసనాలు చూస్తే ఆరేళ్లే తేలుతుంది. అయితే రాజధాని వీధుల్లో రెండు తరాలుగా జనం చెప్పుకుంటూ వచ్చిన కథ మాత్రం ఆయన దగ్గరే దొరుకుతుంది. అందుకే ఆయన చేయి పట్టుకునే లోపలికి వెళదాం.

తండ్రిని చంపిన పెద్దకొడుకు తీరా సింహాసనం దగ్గరకొచ్చేసరికి వద్దన్నాడట. ఇంత పాపం చేసినవాడికి రాజ్యం తగదు, తమ్ముణ్ణి కూర్చోబెట్టండి అన్నాడట. ఆ తమ్ముడు ప్రౌఢరాయలు. పట్టాభిషేకం అయీ అవగానే మంత్రులు ఆయన చెవిలో వేసిన మాట ఒకటే: తండ్రినే చంపినవాడు నిన్ను బతకనిస్తాడా? తమ్ముడు ఆలోచించలేదు, అన్నను చంపించేశాడు. అడ్డు తొలిగింది కదా, ఇక రాజ్యం చూసుకుంటాడనుకున్నారు అందరూ. ఆయన నేరుగా అంతఃపురంలోకి నడిచి తలుపులేసుకున్నాడు. తండ్రి పోలికలన్నీ వచ్చాయి.

రాజు సంగతి ఇలా ఉంటే నాయంకరాలు పొందిన దొరల సంగతి వేరే చెప్పాలా? ఆ వ్యవస్థ ఎలా నడిచేదో ఇదివరకు చెప్పుకున్నాం. రాయలు సీమను ఇస్తారు, నాయకుడు శిస్తు వసూలు చేసుకుని, ఇన్ని గుర్రాలు, ఇంతమంది బంట్లు అని పోషించాలి, రాజధానికి చెల్లించాల్సింది చెల్లించాలి. అడిగే నాథుడు గట్టివాడైతేనే ఆ చెల్లింపు కదులుతుంది. ఇప్పుడు అడిగేవాడే లేడు. శిస్తు మాత్రం రైతు దగ్గర ఎప్పటిలాగే వసూలవుతోంది. అది దొరల కోటల్లోనే ఆగిపోతోంది. కత్తి పట్టినవాడల్లా తన చుట్టూ ఒక చిన్న రాజ్యం కట్టుకుంటున్నాడు. వాళ్లందరిలో పెద్ద కోట, పెద్ద సైన్యం, పెద్ద పేరు ఉన్నవాడు చంద్రగిరిలో ఉన్నాడు.

చంద్రగిరి అనగానే మనకు కొండ కింద అద్దంలాంటి రాజమహల్ కళ్లముందు మెదులుతుంది. ఆ కట్టడం తర్వాతి కాలానిది, మన నరసింహుడు దాన్ని చూసి ఉండడు. ఆయన నాటికి అక్కడ ముఖ్యమైంది కొండ, కోట గోడ, పక్కనే తిరుమలకు ఎక్కే దారి. సాళువలు కొత్తగా మొలిచిన వంశం కాదు. నూరేళ్ల కిందట కుమార కంపరాయలు మధుర సుల్తానుల మీదికి వెళ్లినప్పుడు ఆ దండులో ముందు నడిచిన సాళువ మంగు ఈ ఇంటివాడే. గుండరాజు కొడుకైన నరసింహుడి పేరు 1450ల నుంచే శాసనాల్లో కనిపిస్తుంది. ‘మేదినీ మీసరగండ, కఠారి సాళువ’ అన్న బిరుదులు ఆ పేరు వెంటే వస్తాయి. చిత్తూరు, ఆర్కాటు ప్రాంతాలు ఆయన చేతిలో ఉన్నాయి. పైన తెలుగు నేల, కింద తమిళ నేల. ఈ రెంటి నడుమ కూర్చున్నవాడికి కయ్యాలకు కొదవుండదు.

కయ్యం మొదట తూర్పు నుంచి వచ్చింది. కటకం ఏలే కపిలేంద్ర గజపతి కొండవీటిని తీసుకున్నాడు, ఉదయగిరిని తీసుకున్నాడు. 1460లలో ఆయన కొడుకు హంవీరుడి దండు కంచి దాటి కావేరి దాకా తిరిగి వచ్చింది. విజయనగరంలో రాయలు నిద్రపోతుంటే, దారిలో ఉన్న చంద్రగిరివాడికి ఆ నిద్ర దక్కలేదు. కపిలేంద్రుడు పోగానే ఆయన కొడుకులు హంవీరుడూ పురుషోత్తముడూ గద్దె కోసం కొట్టుకున్నారు. ఆ సందులో నరసింహుడు ఉదయగిరిని లాగేసుకుని, తీరం వెంట ఉత్తరానికి కదిలాడు. ఈ పనుల్లో ఆయన కుడిభుజం తుళువ ఈశ్వరనాయకుడు. ఈ పేరు గుర్తుంచుకోండి. ఈయన మనవడి కోసమే మన పాఠకుల్లో చాలామంది ఈ ధారావాహికను మొదటి భాగం నుంచి ఓపిగ్గా చదువుతున్నారని నాకు తెలుసు.

ఇక 1481. బహమనీ సుల్తాను మూడో మహమ్మద్ షా స్వయంగా తీరాంధ్రకు దండెత్తి వచ్చాడు. కంచిలో ఒక గుడి గోడలకు బంగారు రేకులు తాపించి ఉన్నాయని ఎవరో చెప్పారు. పెద్ద సైన్యాన్ని వెనక వదిలి, వేగంగా పరుగెత్తే గుర్రపుదండును తీసుకుని మార్చిలో కంచి మీద పడ్డాడు. గుడి కొల్లబోయింది. కొల్ల సొమ్ముతో తిరిగి వస్తున్న తురుష్క దండును ఈశ్వరనాయకుడు కందుకూరు దగ్గర అడ్డగించి చెల్లాచెదురు చేశాడు. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంట కవులు వరాహపురాణంలో ఈ యుద్ధాన్ని గొప్పగా చెప్పుకున్నారు. కవులు యజమాని ఇంటి విజయాన్ని నాలుగింతలు చేసి చెబుతారు, నిజమే. కానీ బహమనీ పక్షాన రాసిన ఫెరిష్తా కూడా ఈ నరసింగ రాయుణ్ణి తక్కువ చేయలేదు. కర్ణాటకకూ తెలంగాణకూ నడుమ, మచిలీపట్నం వైపు తీరం దాకా నేల ఆక్రమించుకున్న బలవంతుడని రాశాడు. శత్రువు రాసిన ఆ మాట పది ప్రశస్తి పద్యాల పెట్టు. ఆ వర్ణనలో విజయనగర సామంతుడు కనబడడు, తన రాజ్యం తనకున్నవాడు కనబడతాడు.

ఆ ఏడే అదృష్టం కూడా నరసింహుడి తలుపు తట్టింది. కంచి నుంచి మళ్లిన సుల్తాను కొండపల్లి విడిదిలో ఉండగా, ఆయన మహామంత్రి మహమ్మద్ గవాన్ మీద ఒక దొంగ ఉత్తరం పుట్టింది. గజపతిని దండయాత్రకు పిలిచాడని దాని సారాంశం. డెబ్భై దాటిన ఆ ముసలి మంత్రిని, విచారణ అన్నది లేకుండా, ఏప్రిల్ 5న సుల్తాను నరికించాడు. నిజం తెలిసి కుమిలిపోయి, తాగి తాగి మరుసటి ఏడు తనూ పోయాడు. కొడుక్కి పన్నెండేళ్లు. బీదరులో దక్కనీలూ పరదేశీలూ ఒకళ్ల గొంతు ఒకళ్లు కోసుకోవడం మొదలెట్టారు. విజయనగరాన్ని నూరేళ్లుగా పీడించిన శత్రువు తన ఇల్లు తానే కాల్చుకుంటున్న సమయం అది. ఆ సమయంలో విజయనగరంలో రాజన్నవాడు ఉంటే ఎలా ఉండేదో! లేడు. విరూపాక్షుడు ఉన్నాడు, ఆ తర్వాత ప్రౌఢరాయలు వచ్చాడు.

నరసింహుడు తొందరపడలేదు. నూనిజ్ చెప్పినదాన్ని బట్టి ఆయన ముందుగా చేసింది ఉత్తరాలు రాయడం. సీమ సీమనా ఉన్న దొరలకు లేఖలూ కానుకలూ వెళ్లాయి. రాజ్యం ఎటుపోతోందో చూస్తున్నారు కదా, ఊరుకుందామా అని అడిగించాడు. కొందరు సరేనన్నారు, కొందరు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే ఆయనకు కావాల్సింది కూడా. దారిలో కత్తి దూయకుండా ఉంటే చాలు.

1485 చివర్లో దండు విజయనగరానికి బయల్దేరింది. సేనాని ఈశ్వరనాయకుడి కొడుకు నరసానాయకుడేనని చరిత్రకారులు పోల్చుకున్నారు. సామంతుడి సైన్యం ఊళ్లు తీసుకుంటూ వస్తోందని వేగులు చెప్పినా ప్రౌఢరాయలు నమ్మలేదట. దండు కోట ద్వారం దాకా వచ్చింది. కాపలా లేదు. రెండో ద్వారం, అక్కడా లేదు. ఏడు ప్రాకారాల నగరమని 1443లో అబ్దుర్ రజాక్ నోరెళ్లబెట్టి వర్ణించిన ఊరు ఇదే. ఆ ప్రాకారాల్లోంచి ఒక సేనాని తన మనుషులతో ఎవరూ ఎవరని అడగకుండా నడిచి వచ్చాడు. రాజసౌధంలోకి వెళ్లాడు. లోపలి గదుల్లో కొందరు స్త్రీలను చంపేశారు. ఈ కథలో ఎవరూ వాళ్ల పేర్లు రాయలేదు. అరుపులు వినబడ్డాక గానీ రాజుకు నమ్మకం కలగలేదు. వెనక ద్వారం గుండా పారిపోయాడు. సేనాని వెంట పడలేదు. ఖజానా, ఏనుగులు, లాయం స్వాధీనం చేసుకుని యజమానికి కబురు పెట్టాడు. హరిహర బుక్కరాయలు స్థాపించిన సంగమ వంశం నూట యాభై ఏళ్ల చరిత్ర అలా పెరటి దోవన వెళ్లిపోయింది.

ఇది ద్రోహమా, రక్షణా? మన పాఠ్యపుస్తకాలు నరసింహుణ్ణి సామ్రాజ్యాన్ని కాపాడినవాడిగానే చూపిస్తాయి. నాకూ ఆ మాటతో పేచీ లేదు. ఆయన రాకపోతే గజపతి తుంగభద్ర ఒడ్డుకు వచ్చి ఉండేవాడు. కానీ ఒక సంగతి దాటవేస్తే ఆ తర్వాతి ఆరేళ్లు అర్థం కావు. చంద్రగిరి దొరగా ఉన్నప్పుడు ఆయనకు ఒకటే పని, తన సీమ కాపాడుకోవడం, పక్క సీమ లాక్కోవడం. మిగతా దొరలంతా సాటివాళ్లు. సింహాసనం ఎక్కిన మరునాడే ఆ సాటివాళ్లంతా ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడాలి. నిన్నటిదాకా భుజం కలిపి నడిచినవాడికి ఇవాళ దండం పెట్టమంటే పెట్టేవాళ్లెందరు? సంగమ వంశంలో పుట్టిన చేతగానివాడికి వాళ్లు లోబడ్డారంటే, చేతగానివాడు కాబట్టే లోబడ్డారు. చేతనైనవాడు వచ్చి శిస్తు లెక్క అడిగేసరికి చురుక్కుమంది.

కడప సీమలో పేరనిపాడు ఏలే సంబెటవారు తిరగబడ్డారు. మైసూరు వైపు ఉమ్మత్తూరు పాళెగాళ్లు లెక్కచేయలేదు. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. రాయలవారు సింహాసనం మీద కూర్చున్న రోజులకన్నా గుడారాల్లో ఉన్న రోజులే ఎక్కువ. ఒక కోట పడగొట్టి వెనుదిరిగేసరికి ఇంకోచోట పొగ లేచేది. మాట విననివాళ్ల కోటలను పట్టుకోవడంతో ఆపక నేలమట్టం చేయించాడని నూనిజ్ అంటాడు. ఇందులో క్రూరత్వం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. తను ఎక్కడి నుంచి లేచివచ్చాడో ఆయనకు తెలుసు. ఒక సామంతుడి కోట నుంచి. అలాంటి కోట మరొకటి నిలబడి ఉంటే ఆయనకు నిద్రెలా పడుతుంది?

తిరగబడ్డ దొరలను అణచాలన్నా, పోయిన దుర్గాలు తేవాలన్నా కావాల్సింది గుర్రం. ఈ ఆరేళ్లలో నరసింహుడు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది గుర్రాల బేరమే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

దక్కను నేల మీద మేలుజాతి యుద్ధాశ్వం పుట్టదు. అరేబియా, పారశీక గుర్రాలను ఇక్కడికి తెచ్చినా వాటి సంతతి ఆ ఎత్తుకూ ఆ ఊపుకూ ఎదగదు. ఎండ, మేత, అలవాటు లేని చాకిరీ కలిసి కొన్నేళ్లకే కూల్చేస్తాయి. అంటే ఏటా కొత్తవి కొనాల్సిందే. అవి ఏడెన్ నుంచీ హొర్ముజ్ నుంచీ ఓడలెక్కి, గాలి అనుకూలించిన నెలల్లో పడమటి తీరానికి వస్తాయి. ఓడ అడుగున ఇరుకు చీకట్లో వారాల తరబడి నిలబడి ప్రయాణం. నీళ్లు చాలవు, సముద్రం పొంగితే కాళ్లు విరుగుతాయి. ఎక్కించినవాటిలో రేవు చేరేవి కొన్నే. నష్టమంతా వర్తకుడిదే. చౌలు, దాభోలు, గోవా బహమనీల చేతిలో ఉన్నాయి. బేరం అక్కడే సులువుగా తెగుతుంటే, ఊచకోత జరిగిన తీరానికి ఏ వర్తకుడు వస్తాడు?

నరసింహుడు ముందు ఆ తీరాన్ని గట్టిపరచుకున్నాడు. మంగళూరు, బార్కూరు, భట్కళ్, హొన్నావరు రేవులు మళ్లీ రాయల మాట వినసాగాయి. తర్వాత వర్తకులకు కబురు పంపాడు. అడిగిన ధర ఇస్తాం. వెయ్యి పరదావులకు మూడు గుర్రాలు. పరదావు అంటే మన వరహాయే, బంగారం. అంటే ఒక్కో గుర్రానికి మూడు వందల పైచిలుకు వరహాలు. అక్కడితో ఆగలేదు. బతికొచ్చిన గుర్రానికీ చచ్చిన గుర్రానికీ ధర ఒకటే అన్నాడు. సముద్రంలో చచ్చినదాని తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నట్టే లెక్కకట్టి సొమ్ము ఇస్తారు!

ఒక్కసారి ఊహించండి. భట్కళ్ రేవులో ఓడ దిగిన అరబ్బు వర్తకుడు ముందు గుర్రాలను దింపుతాడు, తర్వాత ఉప్పునీటి వాసన కొట్టే ఎండిన తోకల కట్ట విప్పుతాడు. రాయలవారి కరణం ఆ తోకలను ఒక్కొక్కటే లెక్కపెట్టి వరహాలు చెల్లిస్తాడు. తోకల లెక్కలో మోసం జరగలేదా అంటే, జరిగే ఉంటుంది. గుర్రానికి ఒకటే తోక కదా అని కరణాలు ధైర్యంగా ఉన్నారేమో గానీ, ఆ తోక ఏ సముద్రంలో తెగిందో ఎవరు చూడొచ్చారు! అయినా రాయలవారికి ఆ బేరం గిట్టుబాటే. సముద్రం తాలూకు నష్టాన్ని వర్తకుడి నెత్తి మీంచి దింపి ఖజానా మీద వేసుకున్నాడు. దాంతో ఓడలు దారి మళ్లాయి. ఈ కాలంలో బీమా కంపెనీలు చేసే పని అది. కత్తితో పైకొచ్చిన మనిషికి వర్తకుడి గుండెల్లోని భయం అంత కచ్చితంగా ఎలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టదు. విరూపాక్షుడు అదే భట్కళ్‌లో కత్తి వాడి పోగొట్టుకున్నదాన్ని ఈయన తోకలు కొని తెచ్చుకున్నాడు.

సొమ్ము ఎక్కడిది? ప్రజల దగ్గరిదే. రాజధాని ఖజానాలో చిక్కినది కొంత, తిరిగి కట్టడం మొదలెట్టిన నాయకుల కప్పం కొంత. యుద్ధాశ్వాల ఖర్చు ఆఖరుకు ఏ పల్లెలోనో కల్లం దగ్గర కొలిచిన ధాన్యంలోంచే వస్తుంది. ఆ లెక్కను ఏ కవీ రాయలేదు.

కవులు రాసింది వేరు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తన జైమినిభారతాన్ని నరసింహుడికే అంకితమిచ్చాడు. ఆ కావ్యం ధర్మరాజు అశ్వమేధం కథ, అంటే అక్కడా గుర్రమే నాయకుడు! సరస్వతి తన ఇంటి ఇల్లాలన్నట్టు ఆ కవి సభలో గొప్ప చెప్పుకున్నాడనీ, గడువు ముంచుకొస్తే ఒక్క రాత్రిలో ఆ తల్లే వచ్చి కావ్యం పూర్తిచేసిందనీ కథలు పుట్టాయి. సంస్కృతంలో రాజనాథ డిండిముడు సాళువాభ్యుదయం రాశాడు. రామాభ్యుదయమనే కావ్యం నరసింహుడి పేరనే చెలామణి అయింది. వంశం చెప్పుకోవడానికి సింహాసనం లేనివాడికి కావ్యం అవసరం ఎక్కువ.

అంతకన్నా ఎక్కువ అవసరం తిరుమల వెంకన్నతో వచ్చింది. నరసింహుడు రాజు కాకముందు నుంచే కొండకు ఊళ్లు రాసిచ్చాడు, ఉత్సవాలు పెట్టించాడు. ఇదంతా వట్టి భక్తి అనుకుంటే సగమే తెలిసినట్టు. ఆ కాలంలో దానం ఎలా పనిచేసేదో చూడండి. దాత ఒక ఊరో, కొంత సొమ్మో ఇస్తాడు. దేవస్థానం ఆ సొమ్మును హుండీలో దాచుకోదు. దేవుడి ఊళ్లలో కాలువలు తవ్విస్తుంది, చెరువులు బాగుచేయిస్తుంది. నీళ్లు పారి పెరిగిన పంటలోంచి ఏటేటా దాత పేరున నైవేద్యం జరుగుతుంది. అప్పపడి, దోసెపడి అని శాసనాల్లో కొలతలతో సహా చెక్కించారు. ఎన్ని అప్పాలు, ఎంత బియ్యం, ఎంత నెయ్యి అన్నది రాతి మీదే ఉంది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుంది. నరసింహుడు తన వంతును రామానుజకూటాలకు మళ్లించాడు. యాత్రికులకు ఉచితంగా అన్నం పెట్టే సత్రాలవి. వాటిని కందాడై రామానుజయ్యంగార్ చేతిలో పెట్టాడు. ఆయన శిష్యుల్లో బ్రాహ్మణేతరులైన సాత్తాద వైష్ణవులు ఉన్నారు. ఆ ప్రసాదంలో వాళ్లకూ వాటా దక్కింది. తమిళ నేలను ఏలుతున్న తెలుగు దొరకు ఇంతకన్నా మంచి వంతెన ఏముంటుంది? కొండ కింద పొలానికి నీరొచ్చింది, కొండ మీద ఆకలిగొన్నవాడికి అన్నం దొరికింది, ఆ రెండు చోట్లా చెప్పుకునే పేరు ఒకటే.

అదే కొండ మీది మరో మనిషి కథలో మాత్రం నరసింహుడు ఇంత మంచిగా కనిపించడు. తాళ్లపాక అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో, టంగుటూరి ప్రభువైన నరసింగ రాయడు పెనుగొండ చేరి అన్నమయ్యను సభకు పిలిపించుకుంటాడు. వెంకటేశుడి మీద కట్టిన శృంగార పదం విని మురిసిపోయి, నా మీదా అలాంటిదొకటి కట్టమంటాడు. అన్నమయ్య చెవులు మూసుకుంటాడు. రాజు కాళ్లకు సంకెళ్లు వేయిస్తాడు, కవి పాడితే సంకెళ్లు ఊడిపడతాయి. సంకెళ్ల సంగతి భక్తులకు వదిలేద్దాం. రాజు కోరిక మాత్రం నూటికి నూరుపాళ్లు నమ్మదగిందే. కొత్తగా అధికారం దక్కినవాడికి పక్కవాడి నోట తన పేరు వినాలని ఎంత తహతహ ఉంటుందో మనం ఎప్పుడూ చూస్తూనే ఉన్నాం.

ఇంతలో తూర్పున పురుషోత్తమ గజపతి కుదురుకున్నాడు. అన్నదమ్ముల పోరు ముగిసింది, బహమనీల బలం పోయింది. రాజమహేంద్రవరం, కొండవీడు మళ్లీ ఆయన చేతికి చేరాయి. 1489 ప్రాంతంలో ఉదయగిరి మీదికి వచ్చాడు. అది నరసింహుడు ఒకప్పుడు గెలుచుకున్న దుర్గం. దాన్ని వదులుకుంటే నెల్లూరు, చంద్రగిరి తలుపులు తీసిపెట్టినట్టే. రాయలు స్వయంగా వెళ్లాడు. ఓడిపోవడమే కాదు, పట్టుబడ్డాడు. విజయనగర చక్రవర్తి కటకం రాజు చేతిలో బందీ! చివరికి ఉదయగిరిని ధారపోసి విడుదల కొనుక్కున్నాడు. సామంతుడిగా తెచ్చినదాన్ని సార్వభౌముడిగా పోగొట్టుకున్నాడు. ఆ ఓటమిలో ఆయన పరువు ఎంత పోయిందో, తిరుగుబాటు దొరల ధైర్యం అంత పెరిగింది.

ఒడిశాలో ఈ యుద్ధాల జ్ఞాపకం అందమైన కథగా మారింది. కాంచీ రాజు కూతుర్ని పురుషోత్తముడు అడిగాడట. రథం ముందు చీపురు పట్టి ఊడ్చేవాడికి పిల్లనివ్వనని కాంచీ రాజు అన్నాడట. పురుషోత్తముడు దండెత్తితే జగన్నాథుడూ బలభద్రుడూ నల్ల గుర్రం, తెల్ల గుర్రం ఎక్కి సైనికుల్లా ముందు నడిచారట. దారిలో మాణిక అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగి, డబ్బుకు బదులు ఉంగరం ఇచ్చారట. గెలిచాక రాకుమారిని ఊడ్చేవాడికే ఇచ్చి పెళ్లి చేయమని రాజు ఆజ్ఞ ఇస్తే, తెలివైన మంత్రి రథయాత్ర నాడు చీపురు పట్టిన రాజు పక్కకే ఆమెను తెచ్చి నిలబెట్టాడట. పూరీ గుడిలో ఈ గుర్రపురౌతుల చిత్రం ఉంది. ఆ కాంచీ రాజు నరసింహుడేనని కొందరంటారు. ఏ శాసనమూ ఆ పెళ్లి ఊసెత్తదు. మన వైపు ఉదయగిరి బాధ మిగిలితే, వాళ్ల వైపు పెరుగు కుండ కథ మిగిలింది.

విడుదలై వచ్చాక నరసింహుడు ఎంతోకాలం బతకలేదు. 1491లో మంచం పట్టాడు. నూనిజ్ ఇక్కడ చాలా వివరంగా రాశాడు. రాజు నరసానాయకుణ్ణి పిలిపించుకున్నాడు. కోట తలుపులు ఖాళీగా ఉన్న రాత్రి ఆయన కోసం లోపలికి నడిచినవాడు ఇతనే. మూడు దుర్గాలు నా చేతికి రాకుండానే పోతున్నాను, నువ్వు తీసుకోవాలి అన్నాడు. నూనిజ్ పలికిన పేర్లను మనవాళ్లు రాయచూరు, ఉదయగిరి, కొండవీడుగా గుర్తించారు. ఆ తర్వాత ఇద్దరు కొడుకులను చూపించాడు. ఇంకా పసివాళ్లు. వీళ్లు పెద్దయ్యాక ఇద్దరిలో యోగ్యుడెవడో నువ్వే చూసి వాడికి రాజ్యం ఇవ్వు అని అప్పగించాడు.

వేరే ఎవరున్నారని? చుట్టాలను నమ్మలేడు, దొరలను అంతకన్నా నమ్మలేడు. నలభై ఏళ్లు పక్కన నిలబడ్డ ఇంటివాడు తుళువవాడే. పైగా సామంతుడు రాజు ఇంటిని ఎలా సర్దుకుంటాడో దగ్గరుండి నేర్చుకున్నవాడూ అతనే. ఆ రెండో సంగతి చావుమంచం మీద నరసింహుడికి తోచకుండా ఉంటుందా? తోచే ఉంటుందని నా అనుమానం. ఆయనకు ఇంకో దారి లేదు.

ఒక విడ్డూరం మిగిలింది. ఆయన పోయిన ఏడేళ్లకు, 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. తర్వాత వచ్చిన పోర్చుగీసులు తమ రాతల్లో విజయనగర రాజ్యాన్ని ‘నరసింగ రాజ్యం’ అని పిలుస్తూ పోయారు. కృష్ణదేవరాయలు ఏలుతున్న కాలంలో కూడా వాళ్ల నోట దేశం పేరు నరసింగే. నూట యాభై ఏళ్ల సంగమ వంశం పేరు తెలియదు, రేవుల్లో గుర్రాల వర్తకులు తలుచుకునే పేరు తెలుసు. తోకలకు ఇచ్చిన వరహాలు అంత దూరం వినబడ్డాయి.

రాజు మాట ప్రకారం నరసానాయకుడు పెద్దకొడుకును గద్దె మీద కూర్చోబెట్టాడు. నాయకుడంటే గిట్టని తిమ్మరసు అనే దొర, నింద నాయకుడి మీద పడాలని ఆ పిల్లవాణ్ణి చంపించేశాడు. అప్పుడు రెండోవాడు, ఇమ్మడి నరసింహుడు, రాజయ్యాడు. కిరీటం కుర్రవాడిది, ఏలుబడి నాయకుడిది. ఆ కుర్రరాజు నాయకుడి మాట కాదని తన మాట చెల్లించుకోబోయాడు. నాయకుడు ఆయన్ని పెనుగొండ కోటలో ఎందుకు పెట్టాడు, రాజు ఉన్నా లేనట్టు పన్నెండేళ్లు రాజ్యం ఎలా నడిపాడు, నరసింహుడు చెప్పిన మూడు దుర్గాల్లో ఎన్నిటి మీదికి కదిలాడు అన్నది వచ్చే భాగంలో చూద్దాం. ఈశ్వరనాయకుడి మనవడు కూడా ఆ భాగంలోనే మొదటిసారి మన ముందుకు వస్తాడు.